కొనిన సొత్తెవ్వరిది?

లోకమున మిక్కిలి వాడుకలోనున్న మాటలకే అర్థము చెప్పుట మిక్కిలి కష్టము. 'కొనుట' యను మాట యట్టిది. సంతలో కుండ కొను ముసలమ్మకును, పొలము కొను రైతునకును, పలక కొను పసివానికిని దాని యర్థము తెలిసియే యున్నది. వెల యిచ్చితిని, వస్తువు నాదైనది; ఇంతకంటె అందు విచారింపవలసిన దేమియు నున్నట్లు తోపదు. నేనును మొన్నమొన్నటివరకు నట్లే తలచుచుంటిని. మా వరికుంటపాటి ప్రాంతపు విద్యార్థి యొకడు గడచిన వేసవిలో నన్నడిగిన ప్రశ్న నా నిశ్చింతను చెరిపినది.

ఆ బాలుడు తొమ్మిదవ తరగతి వాడు. వాని యక్క బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, తమ్ముని ముచ్చట తీర్చుటకై వీడియోగేములాడు కన్సోలు నొకదానిని కొని పంపినది. అది డిస్కు పెట్టుటకు తావు లేని క్రొత్త తరహా యంత్రము. ఆటలను ఇంటర్నెట్టు ద్వారా కొని అందులోనికి దించుకొనవలసినదే. సంక్రాంతికి అక్క యిచ్చిన నాలుగువేల రూపాయలతో వాడొక యాటను కొని, వేసవి నాటికి దానిని తుదిముట్ట ఆడెను. అంతలో వాని స్నేహితుడొకడు మోటారుసైకిలు మీదినుండి పడి, కాలు విరిగి, మంచము పట్టెను. ఆ స్నేహితుని యింటను మేనమామ యిచ్చిన అట్టి యంత్రమే కలదు గాని, ఆటలు కొనుటకు డబ్బు లేదు. తనకిక పనిలేని ఆటను వాని కిచ్చి రావలెనని మనవాడు తలచెను. యంత్రమంతయు వెదకినను ఆ యుపాయము కానరాలేదు. ఆ యాట కొనినవాని ఖాతాకు కట్టుబడి యున్నది. దానిని మరియొకని ఖాతాకు మార్చుటకు వీలులేదు. అమ్ముటకు అసలే వీలులేదు. తన ఖాతానే స్నేహితుని యంత్రములో తెరచిన ఆడవచ్చునట. కాని ఆ ఖాతాకు అక్క బ్యాంకు కార్డు జతపడి యున్నది. ఆమె వలదన్నది.

స్నేహితుడీ సంగతి నమ్మలేదు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పరా, ఈ కథలన్నీ ఎందుకు?" అని ముఖము త్రిప్పుకొనెనట. బాలుడు నాయొద్దకు వచ్చి, "సార్, డబ్బులిచ్చి కొన్నాను గదా. నాది నేను ఇచ్చుకునేదానికి నాకు హక్కు లేదా?" అని యడిగెను.

నేను వెంటనే యుత్తరము చెప్పలేకపోయితిని. వానికి కలిగిన నష్టము నాలుగువేల రూపాయలది కాదు. ఆట వానికిక నక్కరలేదు. స్నేహితుని యెదుట లోభివాడను పేరు వచ్చినది. అదియే వాని బాధ. ఇచ్చుటకు మనసుండియు, ఇచ్చుటకు వస్తువుండియు, ఈయలేని స్థితి యొకటి మన కాలమున పుట్టినది. చదువరులీ విషయమును పిల్లలాటగా త్రోసివేయక నాతోకూడ కొంత విచారింపవలెనని ప్రార్థించుచున్నాను.

ఒక వస్తువు 'నాది' యనుటకు అర్థమేమి యను ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమందుండిన విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూడవ శతాబ్దమున, తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రమును అంకితము చేసిన కేతన, విజ్ఞానేశ్వరీయమను పేర ఆ ధర్మశాస్త్రమును తెలుగు చేసెను. కావున ఈ విచారము మన నెల్లూరిసీమకు ఏడువందల యేండ్లుగా పరిచితమే. మితాక్షరలో దాయవిభాగమునకు ముందు స్వత్వమును గూర్చిన చర్చ యొకటి కలదు. స్వత్వము శాస్త్రము చెప్పినందువలన కలుగునదా, లోకవ్యవహారమువలన కలుగునదా యని అందలి ప్రశ్న. లోకవ్యవహారమువలననే యని విజ్ఞానేశ్వరుని సిద్ధాంతము. శాస్త్రము పేరైన నెరుగని సీమాంతవాసులు సైతము కొనుట, అమ్ముట మొదలగు పనులచేత 'ఇది నాది, అది నీది' యని నడచుకొనుచున్నారు గదా యని ఆతని యుక్తి. తరువాతి శాస్త్రకారులు స్వత్వమునకు యథేష్టవినియోగార్హత్వమని, అనగా తన యిష్టము చొప్పున వినియోగించుటకు తగియుండుట యని, లక్షణము చెప్పిరి. దానమునకు వారు చెప్పిన లక్షణమును గమనింపదగినది. తన స్వత్వమును విడిచి పరుని స్వత్వమును కలిగించుటయే దానము.

ఈ రెండు లక్షణములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన మన బాలుని ప్రశ్నకు సగము సమాధానము దొరకును. స్వత్వము లేనివాడు దానము చేయజాలడు. అట్లే దానము చేయుటకు వీలులేని వస్తువునందు స్వత్వము పూర్ణమని చెప్పుటయు కష్టము. 'అవిభక్తకుటుంబపు టాస్తిని ఒక్కడు దానము చేయరాదు గదా, అంతమాత్రమున వానికి అందు స్వత్వము లేదందురా?' యని యెవరైన అడుగవచ్చును. ఆ యాక్షేపణము మన పక్షమునే బలపరచుచున్నది. అక్కడ దానమును నిషేధించుటకు కారణము ఇతరులకును అందు స్వత్వముండుట. అదే న్యాయముచేత, నీవు కొనిన దానిని నీవీయరాదని యొకడు నిషేధించుచున్నాడన్న, వాని స్వత్వమింకను అందు మిగిలి యున్నదన్నమాట. అనగా వాడు పూర్తిగా అమ్మలేదు. ఎద్దును అమ్మి, వెలయంతయు పుచ్చుకొని, పలుపుమాత్రము తన చేతనే యుంచుకొనెను.

ఈ వివాదము పండ్రెండేండ్లకు పైగా నడచుచున్నది. 2013వ సంవత్సరము మే నెలలో మైక్రోసాఫ్టు కంపెనీ ఎక్స్‌బాక్స్ వన్ అను క్రొత్త కన్సోలును ప్రకటించినది. దానికి సంబంధించిన నియమములు కొలదిదినములలో బయటపడినవి. యంత్రము ఇరువదినాలుగు గంటల కొకసారియైనను ఇంటర్నెట్టు ద్వారా కంపెనీతో మాటలాడి తీరవలెను. లేనిచో ఆట సాగదు. దుకాణములో కొనిన డిస్కులోని ఆట సైతము కొనినవాని ఖాతాకు కట్టుబడును. దానిని స్నేహితునకీయదలచిన, ఆ స్నేహితుడు కనీసము ముప్పది దినములుగా కొనినవాని స్నేహితుల పట్టికలో నుండవలెను. అదియు ఒక్కసారి మాత్రమే. వాడిన డిస్కులను కొనియమ్ము వర్తకమునకు ఆటల ప్రచురణకర్తల యనుమతి యుండవలెను. స్నేహమునకు ముప్పది దినముల గడువు నియమించిన ధర్మశాస్త్రము అంతకుముందు లోకమున నున్నట్లు నేనెరుగను.

ఆడువారు కోపించిరి. జూన్ 10వ తేదీన లాస్ ఏంజలీసులో జరిగిన ఈ3 ప్రదర్శనలో పోటీకంపెనీయగు సోనీ తన ప్లేస్టేషన్ 4 డిస్కులను కొనినవారు అమ్ముకొనవచ్చును, ఎరువీయవచ్చును, దాచుకొనవచ్చునని ప్రకటింపగా సభ యంతయు కరతాళధ్వనులతో నిండినది. వాడిన యాటను మరియొకనికిచ్చు విధానమిది యని సోనీవారొక చిన్న చిత్రమును గూడ విడుదల చేసిరి. అందు ఒకడు డిస్కును చేతికిచ్చును, రెండవవాడు పుచ్చుకొని వందన మర్పించును, అంతే. జూన్ 19వ తేదీన మైక్రోసాఫ్టువారు తమ నియమములను ఉపసంహరించుకొనిరి. కొనువారు కలసికట్టుగా వలదన్నచో ఎంత గొప్ప కంపెనీయైనను దిగివచ్చునని లోకము సంతోషించినది.

ఆ సంతోషము చాలకాలము నిలువలేదు. ఆజ్ఞచేత కానిది సౌకర్యముచేత అయినది. డిస్కును కొనితెచ్చుటకంటె ఇంటనుండియే దించుకొనుట సులభమయ్యెను. మైక్రోసాఫ్టువారు 2019లో డిస్కు తావు లేని యంత్రమును అమ్మకమునకు పెట్టిరి. 2013లో కరతాళధ్వనులందుకొనిన సోనీవారే 2020లో డిస్కు తావు లేని ప్లేస్టేషన్ 5ను అమ్మిరి. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్కుయంత్రము లేనే లేదు, వలసినవారు వేరుగ కొనవలెను. 2025 జూన్ నెలలో నింటెండోవారు విడుదల చేసిన స్విచ్ 2 కన్సోలునకు వచ్చు కార్డులలో కొన్నింట ఆటయే యుండదు. తాళపుచెవి మాత్రముండును, ఆటను ఇంటర్నెట్టునుండి దించుకొనవలెను. ఆ తాళపుచెవిని మరియొకరి కీయవచ్చునుగాని, లోపలి గది యుండుట కంపెనీవారి యిష్టము. ఎదురుగా వచ్చిన నియమమునకు అడ్డుపడిన జనులే, ప్రక్కదారిని వచ్చిన దానికి తలుపు తీసిరి. ఇందు కంపెనీల తప్పెంతో మన సోమరితనపు తప్పునంతే కలదు.

ఆటలను రచించు వారి పక్షమున చెప్పదగినది లేకపోలేదు. దానిని న్యాయముగా వినవలెను. నేడు పెద్ద యాటను తయారుచేయుటకు వందలకొలది మనుష్యులు ఏండ్లతరబడి పాటుపడవలెను. ఒక డిస్కు పది చేతులు మారినచో రచయితలకు మొదటి వెల తప్ప మరియేమియు ముట్టదు. నడుమనున్న దుకాణదారునకు మాత్రము ప్రతిసారియు లాభము. అంతేగాక ఆటను నకలు చేయుట సులభము. పుస్తకమువలె కాక, నకలు మూలముతో సమానముగా నుండును. ఈ దొంగతనమును గూర్చి మనమెవ్వరమును ఒరులను వ్రేలుచూపి నిందించుటకు తగము. సినిమాలను, ఆటలను, ఆఖరునకు మా బడులలోని కంప్యూటరు ప్రోగ్రాములను సైతము ముప్పది రూపాయల దొంగసీడీలలో కొని, అది దొంగసొత్తను తలపైనను లేక వాడుకొనిన తరము మాది. అట్టి నేనే నేడు స్వత్వధర్మమును బోధించుచున్నాను. ఈ మాట దాచుట న్యాయము కాదు.

అయినను ఈ వాదములు సిద్ధాంతమును చేరలేవు. నకలు చేయుట వేరు, ఉన్న ప్రతిని చేతులు మార్చుట వేరు. మొదటిదానిలో ఒకటి రెండగును. రెండవదానిలో ఒకటి యొకటిగనే యుండి స్థలము మారును. దొంగకు వేయవలసిన సంకెల దాతకు వేయుట న్యాయము కాదు. ఇక రెండవ వర్తకమువలన రచయితకేమియు ముట్టదను వాదము పుస్తకముల విషయమున ఏనాడో వచ్చి పోయినది. అమెరికాలో 1904లో ప్రచురింపబడిన 'ది కాస్టవే' యను నవలలో, దీనిని డాలరుకు తక్కువకు అమ్ముటకు ఏ వర్తకునకును అనుమతి లేదని ప్రచురణకర్తలు ముద్రించిరి. న్యూయార్కులోని మేసీస్ అంగడివారు 89 సెంట్లకే అమ్మిరి. వ్యాజ్యము అక్కడి సుప్రీముకోర్టుదాక పోయినది. 1908లో ఆ న్యాయస్థానము, ఒకసారి అమ్మి వెల పుచ్చుకొనిన పిమ్మట ఆ ప్రతి యెట్లమ్ముడు పోవలెనో శాసించు నధికారము గ్రంథస్వామ్యము గలవారికి లేదని తీర్పు చెప్పినది. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమును, పుస్తకముల విషయమున, ఇదివరకే చలామణిలో నున్న ప్రతులను రచయిత హక్కునుండి వేరుచేసినది. కంప్యూటరు ప్రోగ్రాములకు మాత్రము అమ్మకమును, వ్యాపారార్థమైన అద్దెను గూర్చి వేరు నిబంధన కలదు. వీడియోగేము పుస్తకమువంటిదా, ప్రోగ్రామువంటిదా? ఆడు పిల్లవానికి అది కథలపుస్తకమే; చట్టము కంటికి యంత్రమునకిచ్చు నాజ్ఞల మూట. ఐరోపా న్యాయస్థానము 2012లో, శాశ్వతముగా వాడుకొను హక్కుతో అమ్మిన ప్రోగ్రామును దించుకొనినవాడు తిరిగి అమ్మవచ్చుననెను. 2019లో దించుకొను పుస్తకములకు ఆ సూత్రము చెల్లదనెను. పండితులకే యింత సందిగ్ధముగా నున్నప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడు తికమకపడుటలో వింత యేమి?

పుస్తకముల ప్రసంగము వచ్చినది గనుక ఒక సంగతి మనవిచేయవలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటకు పాటుపడిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువల మీద పడవలో పుస్తకములనుంచి గ్రామములకు పంపిరి. తెలుగుదేశమునకు చదువు నేర్పినవానిలో ఈ యుద్యమ మొకటి. దీనికి పునాది యేమి? చందాలు, ఉత్సాహము, త్యాగము, ఇవన్నియు నిజమే. కాని వాని క్రింద మరియొక పునాదిరాయి కలదు. ఒక ప్రతిని కొనినవాడు ఎవ్వరి యనుమతియు లేకయే దానిని వందమందికి ఎరువీయవచ్చును. ఆనాటి పుస్తకములు మొదటి కొనుగోలుదారు చేతిలో తప్ప తెరచుకొనని తీరున నుండినచో, పడవ నిండ పుస్తకములుండియు కాలువగట్టున చదువువా డొక్కడును ఉండడు. ఇది వట్టి యూహ యనుకొనరాదు. 2011లో హార్పర్‌కాలిన్స్ అను ప్రచురణసంస్థ గ్రంథాలయములకిచ్చు ఎలక్ట్రానిక్ పుస్తకములను ఇరువదియారు మార్లు ఎరువిచ్చిన తరువాత మరల కొనవలెనని నియమించినది. చిరుగని పుస్తకమునకు చిరుగుటను నేర్పిరి.

మనువు వ్యవహారపదములను పదునెనిమిదింటిని లెక్కించి, అందు క్రయవిక్రయానుశయమను దానిని గూడ చేర్చెను. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవాడు పది దినములలోగా సరకును త్రిప్పియిచ్చుటకు, పుచ్చుకొనుటకు అందు వీలు కలదు. అదేచోట అమ్మదగని వస్తువులనుగూర్చి చెప్పుచు, మరియొకదానితో కలిపినదియు, సారము లేనిదియు, తక్కువైనదియు, దూరముననున్నదియు, కప్పిపెట్టినదియు అమ్మరాదనెను. మనుస్మృతిలో నేడు మనము విడువవలసినవి పెక్కు గలవు; విడిచితిమి. కాని ఈ కడపటి రెండు మాటలు ఈనాటికై చెప్పినట్లున్నవి. ఫ్రాన్సుదేశపు యూబీసాఫ్టు కంపెనీ 2014లో 'ది క్రూ' యను కార్లపందెపు ఆటను అమ్మినది. ఒంటరిగా ఆడుకొనుటకైనను ఆ యాట దూరముననున్న కంపెనీ సర్వరుతో కలసియుండవలెను. 2024 మార్చి 31వ తేదీన ఆ సర్వరును ఆపివేసిరి. వెలపెట్టి కొనిన డిస్కు ఇంట నుండగనే ఆట పోయినది. దీని పర్యవసానముగా ఐరోపాలో బయలుదేరిన ప్రజావిజ్ఞప్తికి 2025 జూలై నాటికి పదిలక్షలకు పైగా సంతకములు వచ్చినవి. దూరమున నున్నది, కప్పిపెట్టినది అమ్మరాదను మాటలోని వివేకము వారికి అనుభవముచేత తెలిసినది.

కంపెనీలు ఆటలను అద్దెకీయరాదని నా వాదము కాదు. అద్దె పాపము కాదు. సినిమాటిక్కెట్టు కొనినవాడు చిత్రము తనదనుకొనడు. బాడుగబండి యెక్కినవాడు బండి తనదనుకొనడు. మైక్రోసాఫ్టువారే 2017 జూన్ నెలలో గేమ్‌పాస్ అను నెలచందా పద్ధతిని ఆరంభించిరి. చందా కట్టినన్నినాళ్లు ఆడవచ్చును, మానినచో ఆట పోవును. కొనువానికి ఈ సంగతి ముందే తెలియును. కనుక అందు వంచన లేదు. వంచన యంతయు మాటలో నున్నది. పూర్తి వెల పుచ్చుకొనుచు, మీటమీద 'కొనుము' అని వ్రాసి, ఎవ్వరును చదువని నలుబది పుటల నిబంధనలలో 'ఇది అమ్మకము కాదు, మా యిష్టమున్నంతకాలము వాడుకొనుటకు అనుమతి' యని వ్రాయుట యెట్టి ధర్మము? బడిలో పిల్లవాడు ఒక మాటకు వేరొక యర్థము వ్రాసిన మార్కులు తగ్గింతుము. వర్తకుడు వ్రాసినచో లాభము పెరుగుచున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రము 2024 సెప్టెంబరులో ఈ విషయమై చట్టము చేసినది. 2025 జనవరి 1 నుండి అది యమలులోనికి వచ్చినది. వెనుకకు తీసికొనుటకు వీలున్న యనుమతిని అమ్ముచు, ఆ సంగతి స్పష్టముగ చెప్పక, కొనుటయను మాటను వాడరాదని దాని సారాంశము. ఆ చట్టము ఎవ్వరికిని స్వత్వమును తిరిగి యీయలేదు. మాటకు దాని యర్థమును మాత్రము తిరిగి యిచ్చినది. అదియు కొంత మేలే. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను నిషేధించుచున్నది. 2023 నవంబరులో ఇంటర్నెట్టు వర్తకపు మోసపుటెత్తులను పదుమూడింటిని పేర్కొని వారించుచు కేంద్రాధికారులు నియమములను ప్రకటించిరి. ఇన్ని చేసినవారు 'కొనుము' అను మాటను గూడ ఆ పట్టికలో చేర్చుటకు అడ్డేమి?

'ఆటలు కలవారి పిల్లల ముచ్చట. మెట్టపొలముల మా ఊళ్లకు దీనితో నేమి పని?' యని మా యుపాధ్యాయమిత్రుడొక డడిగెను. నా యుత్తరమేమన, వాడిన వస్తువుల వర్తకముతో కలవారికి పనిలేదు. పని యంతయు మావంటివారికే. క్రొత్త యాట నాలుగైదువేల రూపాయలు. అంత పెట్టగలవాడు అది తిరిగి అమ్ముడుపోయినను పోకున్నను చింతింపడు. సగము వెలకు రెండవవాడు, పావు వెలకు మూడవవాడు, ఊరకే నాలుగవవాడు పొందునట్టి మెట్లవరుస యొకటి లోకమున నున్నది. సైకిలు, కుట్టుమిషను, వ్యాకరణపుస్తకము, ట్రాక్టరు, అన్నియు ఆ మెట్లమీదుగనే మా ఊళ్లకు దిగివచ్చినవి. హైదరాబాదు కోఠిలోని పాతపుస్తకపు టంగళ్లు ఎందరు పేదవిద్యార్థులను పట్టభద్రులను చేసినవో లెక్కయున్నదా? మొదటి మెట్టుమీదనే వస్తువును మేకుకొట్టి నిలిపినచో పైవానికి స్వల్పనష్టము, క్రిందివానికి సర్వనష్టము.

ఆటతో మొదలైనది ఆటతో నాగునని నమ్మకము లేదు. ట్రాక్టరులలో ప్రోగ్రాములు చేరినప్పటినుండి అమెరికాలో రైతు తాను కొనిన ట్రాక్టరును తాను బాగుచేసికొనుటకే అడ్డంకు లేర్పడినవని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వసంస్థయే జాన్ డీర్ కంపెనీపై వ్యాజ్యము వేసినది. ఇక విత్తనముల మాట. క్రొత్త వంగడమును కనిపెట్టినవానికి హక్కులీయవలెను. రైతు పండించిన గింజను దాచి, మరుసటియేడు విత్తి, ఇరుగుపొరుగులకిచ్చు నాచారమును నిలువవలెను. ఈ రెంటికిని పొత్తు కుదురునా? మన పార్లమెంటు 2001లో చేసిన వంగడముల రక్షణ, రైతుహక్కుల చట్టమున పొత్తు కుదిర్చినది. రక్షణ పొందిన వంగడపు విత్తనమునైనను రైతు దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. ఆ వంగడపు పేరు వేసి, బ్రాండువిత్తనముగా మాత్రము అమ్మరాదు. కనిపెట్టినవానికి పేరుమీద హక్కు, రైతునకు గింజమీద హక్కు. గింజ ఆటవలె కాక తనంత తానే వందయగు వస్తువు. దానికే యింత న్యాయము సాధ్యమైనప్పుడు, ఒకటి యొకటిగనే చేతులు మారు ఆటకు సాధ్యము కాదనుట యెట్లు?

మాకు సమీపమున ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు కుటుంబములు కలవు. వారి పనికి ఉదయగిరి పేరుమీద భౌగోళికసూచిక గుర్తింపు కలదు. ఇతరులా పేరుతో నమ్మరాదు. కాని చెంచాను కొనినవాడు దానితో పాయసము తినునో, పొరుగింటి బిడ్డకిచ్చునో, అమెరికాలోని కూతునకు పంపునో చెక్కినవాడడుగడు. వాని నేర్పునకు వెల ముట్టినది. వాని పేరు వానికి నిలిచినది. పనివానికి రావలసిన గౌరవ మింతకంటె వేరొకటి యున్నదని నాకు తోపదు. ఆటలు రచించువారికిని ఈ గౌరవము సంపూర్ణముగా చెల్లవలెను. అందుకు వలసిన వెల మనము దొంగిలింపక చెల్లింపవలెను.

ఇక చేయవలసినదేమి? చట్టము చేయువారిని రెండు కోరవచ్చును. మొదటిది, తిరిగి యీయరాని దానిని 'అద్దె' యనియో 'అనుమతి' యనియో పిలువవలెను. 'కొనుట' యని పిలువరాదు. రెండవది, పూర్తి వెలకు అమ్మినదానిని కొనినవాడు తన ఖాతానుండి తీసివేసికొని మరియొకని ఖాతాకు మార్చు వీలుండవలెను. యంత్రము ముప్పది దినముల స్నేహమును లెక్కింపగలిగినప్పుడు ఒక ప్రతిని ఒకచోట తీసి మరియొకచోట నుంచుట దానికి అసాధ్యము కాదు. మనల మనము కోరుకొనవలసినదియు నొకటి కలదు. సౌకర్యమునకై స్వత్వమును విడుచునప్పుడు విడుచుచున్నామని తెలిసి విడువవలెను. 2013లో జనులొక నెలలోపల గెలిచిరి. ఆ మెలకువ వారియందు నిలిచియుండినచో మరల ఓడకయుందురు.

ఆ బాలునకు నేను చెప్పిన యుత్తరము చాల చిన్నది. "నాయనా, నీవు కొనలేదు, కొన్నావని నిన్ను నమ్మించిరి. నీవు లోభివి కావు" అంటిని. సాయంకాలము వానిని వెంటబెట్టుకొని ఆ స్నేహితుని యింటికి పోయి, మంచము ప్రక్కన కూర్చుండి, ఈ సంగతి యంతయు వానికిని చెప్పితిని. ఆ పిల్లవాడు కొంతసేపు విని, "అయితే తప్పు వాడిది కాదా సార్?" అనెను. ఇద్దరును నవ్వుకొనిరి. ఆటమాత్రము చేతులు మారలేదు.

నేను కళాశాలలో చదువునాడు సగము వెలకు కొనిన రఘువంశము నా సంచిలో నుండెను. దాని యట్టలోపల నాకు ముందటివారి పేర్లు రెండు, నా పేరొకటి కలవు. మంచములోనున్నవానికి సంస్కృతము రాదు. నేర్చుకొనవలెనను కోరికమాత్రము కలదట. పుస్తకమును వాని దిండుప్రక్కన నుంచి వచ్చితిని. మరునాటికి నా పేరు క్రింద వాడు తన పేరును వ్రాసికొనెనని విని సంతసించితిని.